పంటి గార తీయించుకుంటే పళ్ళు వదులవుతాయా?

చెన్నైలోని పురసవాక్కం అనగానే సరిహద్దు జిల్లాల తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేవి పట్టుచీరల దుకాణాలు, నగల అంగళ్ళు. సూళ్ళూరుపేటలో లోకల్ రైలు ఎక్కి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషనులో దిగినవారికి ఆ పేట ఎంతో దూరం కాదు. మోదుగ చెట్టును తమిళంలో పురసు అంటారు. గంగాధరేశ్వరాలయ స్థలవృక్షమైన ఆ చెట్టు వల్లనే పేటకు ఈ పేరు వచ్చిందని చెబుతారు. పెళ్ళి సామగ్రి కోసం అక్కడికి వచ్చే కుటుంబాలలో కొందరు పనిలో పనిగా పళ్ళ డాక్టరును కూడా చూసి వెళుతుంటారు. అటువంటి వైద్యశాలల్లో తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ తరచుగా వినవచ్చే మాటలు రెండు.

మొదటిది పెళ్ళివారి మాట. "డాక్టరుగారూ, పదిరోజుల్లో అమ్మాయి పెళ్ళి. ఫోటోల్లో పళ్ళు తెల్లగా కనబడాలి. కాస్త క్లీనింగ్ చేయండి."

రెండవది పెద్దవయసు వారి మాట. "పంటికి నొప్పి లేదండీ. పుచ్చు కూడా లేదు. ఊగుతోంది, అంతే. తీసేస్తే పీడ పోతుంది."

ఏటా శుభ్రం చేయించుకొని ఉంటే ఇంతవరకు వచ్చేది కాదని వైద్యుడు అంటే, పెద్దాయన వెంటనే ఇచ్చే సమాధానం కూడా అందరికీ తెలిసినదే. "క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్ళు కూడా వదులైపోతాయని మా ఊళ్ళో అంటారు సార్. అందుకే రాలేదు."

ఈ భయం ఒక్క ఊరిది కాదు. ఇది తెలుగునాట ఉన్నది, తమిళనాట కూడా ఉన్నది. దీనివల్ల గట్టిగా ఉండవలసిన పళ్ళను యాభై, అరవై ఏళ్ళకే పోగొట్టుకుంటున్నవారు ఎందరో. కనుక ఈ భయంలో నిజమెంత, పళ్ళను వదులుచేసేది అసలు ఏది అన్నది తెలుసుకోవడం అవసరం.

పాచి వేరు, గార వేరు

ఈ వ్యాధికి సంబంధించిన రెండు ముఖ్యమైన మాటలు మన భాషలో ఏనాటినుండో ఉన్నాయి. ఒకటి పాచి, రెండవది గార.

నిద్ర లేచినప్పుడు నాలుకతో తడిమితే పళ్ళమీద జిగటగా తగిలేదే పాచి. నీటితొట్టి గోడకు పట్టే పాచి వంటిదే ఇది. పంటిని శుభ్రంగా తోమిన కొన్ని నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులు దానిపై పలుచని పొరగా అంటుకుంటాయి. ఆ పొరపై కొన్ని గంటలలోనే సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఒక్క మిల్లీగ్రాము పాచిలో సుమారు పది కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయని శాస్త్రజ్ఞుల లెక్క.

ఈ జీవులను మొట్టమొదట చూసినవాడు హాలండు దేశంలోని డెల్ఫ్ట్ నగరవాసి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. ఆయన 1683లో తన పళ్ళ నడుమ ఉన్న తెల్లని పదార్థాన్ని గీకి, తాను తయారుచేసుకొన్న సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో కదలాడే జీవులను గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. నోటిని వెనిగర్‌తో పుక్కిలించినా పై పొరలోని జీవులే చచ్చాయనీ, లోపలివి బతికే ఉన్నాయనీ కూడా ఆయన గ్రహించాడు. పుక్కిలించే మందులు మాత్రమే వాడి తోమడం మానేస్తే చాలదనడానికి మూడు శతాబ్దాలనాటి ఆ పరిశీలనే సాక్ష్యం. పాచిని రాపిడితోనే వదిలించాలి.

పాచి మెత్తనిది కనుక బ్రష్షుకు, పుల్లకు లొంగుతుంది. తోమగా మిగిలిపోయిన పాచిలో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు చేరి కొద్దిరోజులలోనే అది గట్టిపడసాగుతుంది. సుమారు రెండు వారాలకు రాయివలె తయారవుతుంది. అదే గార. గోడకు పూసే సున్నపు గారనే మన పెద్దలు పంటికీ అన్వయించారు. తమిళులు దీనినే పల్ కారై అంటారు. కారై అన్నా సున్నపు పూతే. పురసవాక్కంలోని పాత ఇళ్ళ గోడలమీద గార ఎంత గట్టిగా పట్టుకొని ఉంటుందో చూసినవారికి ఈ పోలిక ఎంత సరైనదో వేరే చెప్పనక్కరలేదు. గోడను చీపురుతో ఊడిస్తే దుమ్ము పోతుంది గాని గార రాదు. అట్లే ఎంత ఖరీదైన బ్రష్షు, పేస్టు వాడినా పంటి గార రాదు. బలంగా రుద్దితే చిగురు అరిగి, పంటి మొదలు కోసుకుపోతుంది తప్ప ప్రయోజనం ఉండదు.

గార నోట్లో అన్నిచోట్లా సమానంగా పట్టదు. లాలాజలం ఊరే నాళాలకు ఎదురుగా ఉన్న పళ్ళకు ఎక్కువగా పడుతుంది. కింది ముందుపళ్ళ లోపలివైపు, పై దవడపళ్ళ చెంపవైపు దీని ముఖ్యస్థానాలు. అద్దంలో నవ్వి చూసుకొంటే ఈ రెండు చోట్లూ కనబడవు. పళ్ళు తెల్లగానే ఉన్నాయన్న భ్రమ కలగడానికి ఇదొక కారణం.

నొప్పి తెలియని నష్టం

గార తనంతట తాను పెద్ద విషమేమీ కాదు. దాని గరుకు ఉపరితలంపై కొత్త పాచి నిరంతరం నిలవ ఉండడమే అసలు ప్రమాదం. పాచిలోని సూక్ష్మజీవులను ఎదుర్కొనడానికి శరీరం ఆ చోటికి రక్తాన్ని పంపుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, తోమినప్పుడు రక్తం కారుతుంది. ఇది తొలిదశ.

ఈ దశను 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో, ఆయన సహచరులు స్పష్టంగా నిరూపించారు. ఆరోగ్యమైన చిగుళ్ళు గల పన్నెండుమంది పళ్ళు తోముకోవడం పూర్తిగా మానివేశారు. పది నుండి ఇరవైయొక్క రోజులలోపల అందరికీ చిగుళ్ళవాపు వచ్చింది. మరల తోమడం ఆరంభించగానే సుమారు వారంలో తగ్గిపోయింది. అంటే తొలిదశలో మేలుకొన్నవారికి నష్టమేమీ మిగలదు.

మేలుకొననివారి సంగతి వేరు. పంటికి, చిగురుకు మధ్య సహజంగా ఒకటి నుండి మూడు మిల్లీమీటర్ల లోతుగల సందు ఉంటుంది. వాపు నెలలు, ఏళ్ళు కొనసాగితే కొందరిలో ఆ సందు నాలుగు, ఐదు, ఏడు మిల్లీమీటర్ల గుంటగా మారుతుంది. బ్రష్షు కుచ్చు అంతలోతుకు చేరదు. గుంట అడుగున గార పడుతుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతుంది. ఇది సాధారణంగా నొప్పి లేకుండానే జరుగుతుంది. పుచ్చుపన్ను రాత్రి నిద్రపోనివ్వదు కనుక మనిషి డాక్టరు వద్దకు పరుగెత్తుతాడు. చిగుళ్ళవ్యాధి అటువంటి హెచ్చరిక ఇవ్వదు. పన్ను ఊగినప్పుడే తెలుస్తుంది. అప్పటికి చాలా ఎముక పోయి ఉంటుంది, పోయిన ఎముక తనంతట తాను తిరిగి పెరగదు. పొగతాగేవారికి ఆ కొద్దిపాటి సూచన కూడా తగ్గుతుంది. నికోటిన్ ప్రభావం వల్ల చిగుళ్ళు లోపల చెడుతున్నా రక్తం అంతగా కారదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళవ్యాధితో బాధపడుతున్నవారు లోకంలో సుమారు వంద కోట్లమంది. ఇది అరుదైన జబ్బు కాదనడానికి ఈ ఒక్క అంకె చాలు.

వదులుచేసేది ఏది?

ఇప్పుడు పెద్దాయన భయం దగ్గరకు వద్దాం. శుభ్రం చేయించుకొన్న తరువాత పన్ను ఊగినట్లు, పళ్ళ మధ్య సందులు ఏర్పడినట్లు కొందరికి అనిపించడం వాస్తవమే. అది అబద్ధమని కొట్టివేస్తే వారు నమ్మరు. కారణం చెప్పాలి.

పదిహేను, ఇరవై ఏళ్ళుగా గార పట్టిన కింది ముందుపళ్ళను ఊహించండి. ఎముక కరిగి, చిగురు దిగిపోయింది. ఆ ఖాళీని గార నింపింది. నాలుగు పళ్ళను కలిపి కట్టిన సున్నపు దిమ్మెవలె అది నిలబడి ఉన్నది. పళ్ళు గట్టిగా ఉన్నట్లు కనబడతాయి గాని పునాది అప్పటికే లేదు. వైద్యుడు ఆ దిమ్మెను తొలగించగానే దాగి ఉన్న సందు బయటపడుతుంది, పన్ను కదలిక తెలుస్తుంది. కూలిన పునాదిని దాచిన గారను తీసినవానిపై నింద పడుతుంది. పళ్ళను వదులుచేసినది గారను ఆసరాగా చేసుకొన్న వ్యాధి. శుభ్రపరచడం ఆ వ్యాధిని బయటపెట్టింది, అంతే.

శుభ్రం చేయించి, ఆ తరువాత చక్కగా తోముకొంటూ ఉంటే కొన్ని వారాలలో చిగుళ్ళవాపు తగ్గి, చిగురు పంటిని తిరిగి హత్తుకుంటుంది. ఓ మోస్తరుగా ఊగే పళ్ళు చాలాసార్లు బిగుసుకుంటాయి కూడా. పునాది పూర్తిగా పోయిన పంటిని మాత్రం ఎవరూ నిలపలేరు. కనుక ఆలస్యం చేసినవారికే ఈ భయం నిజమైనట్లు అనిపిస్తుంది. గార కొద్దిగా ఉన్నప్పుడే తీయించుకొన్నవారికి సందులూ కనబడవు, కదలికా ఉండదు.

శుభ్రపరిచే విధానం

ముందుగా వైద్యుడు మిల్లీమీటర్ల గుర్తులు గల సన్నని కడ్డీతో ప్రతి పంటి చుట్టూ చిగురు లోతును కొలుస్తాడు. అవసరమైతే ఎక్స్‌రే తీస్తాడు. తరువాత స్కేలింగ్ చేస్తాడు. నేడు ఎక్కువగా వాడే పరికరం కొన సెకనుకు పాతికవేల సార్లకు పైగా కంపిస్తుంది. ఆ కంపనానికి గార పగిలి రాలుతుంది. వేడి పుట్టకుండా నీటితుంపర పడుతూ ఉంటుంది. "మిషను పెట్టి పన్నును అరగదీస్తారు" అన్న మాట సరికాదు. తగిన విధంగా వాడితే పరికరం పంటిని కొరకదు, గారను మాత్రమే రాలుస్తుంది. చివర మెత్తని బ్రష్షుతో పళ్ళకు నునుపు పెడతారు. గుంటలు లోతుగా ఉంటే మత్తు ఇచ్చి చిగురు లోపలి వేళ్ళను కూడా శుభ్రం చేయవలసి రావచ్చు. ఇది ఒక్కరోజులో ముగియదు. నాలుగైదు రోజులు చల్లనీళ్ళకు పళ్ళు జివ్వుమనడం, కొద్దిగా రక్తం రావడం సహజమే.

గుండె కవాట శస్త్రచికిత్స జరిగినవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి కుర్చీలో కూర్చొనకముందే వైద్యునికి చెప్పాలి. మందులను తామంతట తాము మానివేయరాదు. గర్భిణులు కూడా పళ్ళు శుభ్రం చేయించుకొనవచ్చు. నాలుగు నుండి ఆరవ నెల వరకు కూర్చొనడానికి అనువుగా ఉంటుంది.

ఇది దొరల వైద్యం కాదు

వేపపుల్లతో, కానుగపుల్లతో తోముకొన్న మన తాతలకు ఈ క్లీనింగులు ఉన్నాయా అని అడిగేవారున్నారు. మర్రి, తుమ్మ పుల్లలు పంటికి బలమని తమిళులకు ఒక సామెత ఉన్నది. పుల్లల గుణాన్ని ఎవరూ కాదనరు. చక్కగా నమిలి కుచ్చుచేసి తోమితే పుల్ల కూడా పాచిని తీస్తుంది. కాని గారకు వేరే ఉపాయం కావాలని మన పూర్వులకూ తెలుసు. సుశ్రుతసంహిత గారను దంతశర్కర అన్న పేరుతో ఒక వ్యాధిగా పేర్కొన్నది. దానిని గీకి తీయడానికి దంతశంకువు అనే పరికరాన్ని చెప్పింది. పంటి మూలానికి గాయం కాకుండా శర్కరను తొలగించి, లక్కపొడిని తేనెతో కలిపి రాయమని వైద్యునికి విధించింది. అనగా పుల్ల రోగి చేతిపని, శర్కరను తీయడం వైద్యుని చేతిపని అన్న విభజన అనాదిగా ఉన్నదే.

బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు, కచ్చిక వంటి వాటితో గట్టిగా రుద్దడం మాత్రం మంచిది కాదు. అవి గారను తీయలేవు సరికదా పంటి పైపూతను అరగదీస్తాయి.

ఎన్ని నెలలకొకసారి?

ఆరునెలలకొకసారి తప్పనిసరి అన్న మాట ఎల్లెడలా వినబడుతుంది. ఇందులో కొంత సవరణ అవసరం. బ్రిటన్‌లోని ఆరోగ్య మార్గదర్శక సంస్థ 2004లో చేసిన సూచన ప్రకారం పెద్దవారు తిరిగి దంతపరీక్షకు రావలసిన గడువు మనిషి స్థితిని బట్టి మూడు నెలల నుండి రెండేళ్ళవరకు ఉండవచ్చు. తీవ్రమైన చిగుళ్ళవ్యాధి లేకుండా, క్రమంగా వైద్యుని చూసుకొనే పెద్దలలో ఆరునెలలకు, ఏడాదికి చేసే స్కేలింగ్ వల్ల రెండు మూడేళ్ళ కాలంలో చిగుళ్ళ ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో కొక్రేన్ సమీక్ష తేల్చింది.

అయితే క్లీనింగ్ అనవసరమేనా? కాదు. ఆ పరిశీలనలో పాల్గొన్నవారు అప్పటికే క్రమంగా పరీక్షలు చేయించుకొనేవారు. జీవితంలో ఒక్కసారి కూడా పళ్ళ డాక్టరు ముఖం చూడని వారికి ఆ తీర్పు వర్తించదు. స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ పట్టణంలో ఆక్సెల్సన్, లిండే అనే వైద్యులు 1970వ దశకం ఆరంభం నుండి కొన్ని వందలమందిని ముప్పై ఏళ్ళపాటు గమనించారు. ఇంట్లో ఎలా తోముకోవాలో పదేపదే నేర్పుతూ, అవసరాన్ని బట్టి కొన్ని నెలలకొకసారి శుభ్రం చేస్తూ వచ్చారు. 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కొక్కరు సగటున కోల్పోయిన పళ్ళు రెండుకు లోపే. అక్కడ పనిచేసింది యంత్రం ఒక్కటే కాదు. ఇంటి శుభ్రత, వైద్యుని పర్యవేక్షణ రెండూ కలిసి పనిచేశాయి.

కాబట్టి పాఠకులు గ్రహించవలసినది ఇది. గార పడనివారు, చిగుళ్ళు గట్టిగా ఉన్నవారు ఏడాదికొకసారి చూపించుకొని, వైద్యుడు అవసరమన్నప్పుడే శుభ్రం చేయించుకొన్నా సరిపోవచ్చు. ఒకసారి ఎముక నష్టపోయినవారు మూడు, నాలుగు నెలలకొకసారి రావలసి ఉంటుంది. "నా గుంటల లోతు ఎంత? నేను మళ్ళీ ఎప్పుడు రావాలి?" అని అడిగే హక్కు ప్రతి రోగికీ ఉన్నది. కొలవకుండానే గడువు చెప్పేవారికంటే కొలిచి చెప్పేవారు మేలు.

చక్కెరవ్యాధి ఉన్నవారికి

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం దేశంలో చక్కెరవ్యాధిగ్రస్తులు 10.1 కోట్లమంది అని అంచనా వేసింది. చక్కెర అదుపులో లేనివారికి చిగుళ్ళవ్యాధి త్వరగా ముదురుతుంది. దీనికి ఎదురు సంబంధం కూడా ఉన్నది. చిగుళ్ళలోని నిరంతర వాపు చక్కెరను అదుపుకు రానీయదు. చిగుళ్ళకు చికిత్స చేస్తే మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ మూడు నాలుగు నెలలలో సుమారు 0.4 శాతం మేర తగ్గుతుందని 2022 నాటి కొక్రేన్ సమీక్ష తెలిపింది. మందులు మానివేయడానికి ఇది సరిపోదు గాని, మందులకు మంచి తోడు. ప్రతి మూడు నెలలకూ రక్తపరీక్ష చేయించుకొనేవారు చిగుళ్ళను కూడా చూపించుకొనడం మరువరాదు.

క్లీనింగ్ చేయలేని పని

స్కేలింగ్ గారను, కాఫీ, టీ, తాంబూలం, పొగాకు మరకలను తీస్తుంది. పంటి సహజమైన రంగును మార్చదు. ముఖ్యంగా ఫ్లోరైడ్ నీరు తాగి పెరిగినవారి పళ్ళపై ఉండే పసుపు, గోధుమరంగు చారలు దీనివల్ల పోవు. అవి చిన్ననాట పన్ను తయారయ్యేటప్పుడే పంటిపూతలో కలిసిపోయినవి. ఈ ఫ్లోరోసిస్ వ్యాధి మన ప్రాంతానికి కొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాలలో దీనిని మద్రాసు వైద్యులు గుర్తించి 1937లో ప్రకటించారు. అటువంటివారు క్లీనింగ్ చేయించుకొని "డబ్బు దండగ, మరక పోలేదు" అని నిరాశపడడం కద్దు. మరక వేరు, గార వేరు. మరక అందానికి లోపం, గార పంటికే ముప్పు.

ఎక్కడికి వెళ్ళాలి?

గార తీయించుకొనడానికి మహానగరానికే పోవాలని లేదు. మన పట్టణాలలో బి.డి.ఎస్. చదివి నమోదైన ఏ దంతవైద్యుడైనా ఈ పని చేయగలడు. పళ్ళు ఇప్పటికే ఊగుతూ ఉంటే చిగుళ్ళ వైద్యంలో ఎం.డి.ఎస్. చేసినవారిని చూడడం మంచిది. ఖర్చు భరించలేనివారికి విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. చెన్నై వెళ్ళేవారికి 1953లో మద్రాసు మెడికల్ కళాశాల విభాగంగా ఆరంభమైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల కోట రైల్వే స్టేషనుకు సమీపంలోనే ఉన్నది. కాలిబాటపై కూర్చొని యాసిడ్ వంటి ద్రవాలు పూసి క్షణంలో తెల్లగా చేస్తామనేవారి జోలికి మాత్రం పోరాదు. ఆ తెలుపు పంటిపూత కరగడం వల్ల వచ్చినదే.

రోజూ రెండుపూటలా ఫ్లోరైడ్ పేస్టుతో, మెత్తని బ్రష్షుతో రెండేసి నిమిషాలు తోమడం, పళ్ళ సందులను శుభ్రం చేసుకొనడం మన వంతు. మన చేతికి రానిదానిని తీయడం వైద్యుని వంతు. తోమినప్పుడు రక్తం కనబడితే తోమడం మానడం కాదు, వైద్యుని చూడడం కర్తవ్యం. వేలికి గాయం కాకుండా రోజూ రక్తం వస్తే ఎవరూ ఊరుకోరు కదా, చిగురు మాత్రం చేసిన పాపమేమిటి?

పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అన్న సామెత మన పెద్దల అనుభవం నుండి పుట్టినదే. ఆ రెండవ సగం వార్ధక్యపు శాపం కానక్కరలేదు. పెళ్ళి ఫోటో కోసం అమ్మాయిని పళ్ళ డాక్టరు వద్దకు తీసుకువెళ్ళే తండ్రి, తాను కూడా ఆ పక్క కుర్చీలో కూర్చొని నోరు తెరిస్తే, మనుమల పెళ్ళినాటికి విందు భోజనంలో వడపప్పు, చెరకుముక్క తన పళ్ళతోనే నమలగలుగుతాడు.